అమ్మకు ఇవ్వని రొట్టె

మా అమ్మ మోకాళ్ళ మీద ఉంది. రెండు చేతులూ దోసిలి పట్టి ముందుకు చాచింది. మా మందిరం పాస్టరు అయ్యగారు ఆమెకు ఎడమ పక్కనున్న టైలరు భార్య చేతిలో రొట్టె ముక్క పెట్టారు, ఒకడుగు జరిగారు, కుడి పక్కనున్న ముసలామె చేతిలో పెట్టారు. మధ్యలో మా అమ్మ చేతులు అట్లాగే ఉండిపోయాయి. మరిచిపోయారేమో అనుకుని ఆమె కాసేపు వాటిని దించలేదు. ద్రాక్షరసం గిన్నె వచ్చింది, అదీ దాటిపోయింది. అప్పుడు చేతులను కొంగులోకి లాక్కుంది.

అది ఈస్టర్ ఆదివారం. నేను పదో తరగతి చదువుతున్నాను. నాకింకా ప్రభువు బల్లలో చేయి వేసే, అంటే ఆ రొట్టె తీసుకునే, అర్హత ఇవ్వలేదు కాబట్టి వెనక బెంచీలో కూర్చుని ఇదంతా చూశాను. మొన్నొకాయన, నా మీద గౌరవం ఉన్నవాడే, "ఇన్నేళ్ళయింది, ఇంకా దాన్ని మోస్తారెందుకు టీచర్" అన్నాడు. ఆయన కోసమే రాస్తున్నాను. మరిచిపోవడం మంచి గుణమని చెప్పేవాళ్ళంతా తమ చేతిలో రొట్టె పెట్టించుకున్నవాళ్ళే.

ఆ చేతులు ఖాళీగా ఎందుకు మిగిలాయో చెప్పాలంటే అంతకు ముందు శుక్రవారం దగ్గర మొదలుపెట్టాలి.

మాది కోలారు బంగారు గనుల్లో ఒక లైను ఇల్లు. లైను అంటే ఒకే గోడ పంచుకుంటూ వరసగా కట్టిన ఒంటి గది ఇళ్ళు. దొరలు కట్టినవే, గనులు సర్కారు చేతికొచ్చాక పైన రేకులు మార్చారు, గోడలు మార్చలేదు. గోడకు ఇవతల మేము, అవతల మాలాగే ఆంధ్ర పల్లెనుంచి వచ్చిన మరో కుటుంబం. వాళ్ళు హిందువులు. అతనూ మా నాయనా ఒకే షాఫ్టులో, అంటే గనిలోకి దిగే ఒకే బావిలో, పనిచేసేవాళ్ళు. మా గనుల్లో ఒక ఏర్పాటుండేది, ఎవరూ రాసిపెట్టింది కాదు. క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ మావాళ్ళ షిఫ్టు హిందువులు చేసేవాళ్ళు. ఉగాదికీ ఊరి జాతరకీ వాళ్ళ షిఫ్టు మావాళ్ళు చేసేవాళ్ళు. ఫోర్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ ఏడు ఉగాదికి మా నాయన పక్కింటాయన బదులు దిగాడు. గుడ్ ఫ్రైడేకి పక్కింటాయన మా నాయన బదులు పగటి షిఫ్టుకి దిగాడు. పోయేటప్పుడు మా వాకిట్లో ఆగి, "నువ్వు పొయ్యి మీ స్వామి కోసరం ఏడ్చుకో అప్పా, నేను నీ బండలు కొట్టి వస్తా" అని నవ్వి పోయాడు.

తమిళ సంఘం ఆరాధన ముగిశాక అదే మందిరంలో మా తెలుగువాళ్ళ ఆరాధన మొదలయ్యేది. ఆ మధ్యాహ్నం అయ్యగారు సిలువ మాటలు చెబుతుండగా బెంచీలు అదిరాయి. గాజు గ్లాసులో నీళ్ళు ఒలికాయి. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి అదేమిటో చెప్పనక్కర్లేదు. లోపల, చాలా లోతున, బండ పగిలింది. కాసేపటికి సైరన్ కూసింది. మగవాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా షాఫ్టు వైపు పరిగెత్తారు. మా నాయనా పరిగెత్తాడు. పక్కింటాయన దిగిన చోటే కూలింది.

మా లైను హిందూ ఆడవాళ్ళకు అట్లాంటి రోజు చేసే మొక్కొకటుంది. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. తంబిట్టు దీపం అంటారు. లోపల చిక్కినవాడి భార్య దాన్ని పళ్ళెంలో పెట్టి నెత్తిన మోసుకుంటూ మారెమ్మ గుడికి నడవాలి. వెలిగించేటప్పుడు మనసులో మొక్కుకోవాలి, ఆ మొక్కు బయటికి చెప్పకూడదు. దారిలో దీపం ఆరకూడదు, కింద పెట్టకూడదు. పక్కింటామె అప్పటికి నిండు కడుపుతో ఉంది. పొద్దున్నించీ ఏమీ తినలేదు. అయినా దీపం నెత్తికెత్తుకుంది. లైనులో ఆడవాళ్ళంతా వెంట నడిచారు. మందిరంనుంచి వచ్చిన తెల్లచీర కూడా మార్చకుండా మా అమ్మా నడిచింది. నేనూ వెళ్ళాను.

సైనైడ్ దిబ్బ, అంటే బంగారం తీశాక మిగిలిన పొడి పోసిన గుట్ట, దాని పక్కనుంచి దారి. నీడ లేదు. దిబ్బ మలుపులో పక్కింటామె కాళ్ళు తడబడ్డాయి. పళ్ళెం ఒరిగింది. నెయ్యి ఆమె చెంప మీదికి కారింది. ఒక్క క్షణం ఆలస్యమైతే దీపం దుమ్ములో పడేది. మా అమ్మ రెండు చేతులతో పళ్ళెం పట్టుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను కింద కూర్చోబెట్టారు. "ఇప్పుడు ఎత్తుకున్నోళ్ళే గుడి దాకా కొనిపోవల్ల, మళ్ళీ చేతులు మార్చకూడదు," అంది ఒక ముసలామె. మా అమ్మ దీపాన్ని తెల్లచీర కొంగు మీదుగా నెత్తిన పెట్టుకుని మారెమ్మ గుడి దాకా నడిచింది, గడప దాటింది, పూజారికి అందించింది. అతను అందరికీ పెట్టినట్టే ఆమె నుదుటా కుంకుమ పెట్టాడు. ఆమె దాన్ని తుడుచుకోకుండా లైనుకి తిరిగొచ్చింది. సంఘ పెద్దగారి భార్య లైను కొళాయి దగ్గర బిందె పెట్టుకుని ఉంది. చూసింది.

శనివారం పక్కింటాయన శవాన్ని పైకి తెచ్చారు. ఆదివారం మా నాయన మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. ప్రభువు తనను చావునుంచి తప్పించాడని చెప్పాడు. సంఘ పెద్దగారు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. తర్వాత బల్ల దగ్గర నేను చెప్పినది జరిగింది. మా నాయనకు రొట్టె దొరికింది. ఆయన తిన్నాడు.

ఆ వారమే అయ్యగారి ఇంటికి మమ్మల్ని పిలిపించారు. నన్ను వసారాలో ఉండమన్నారు. కిటికీ తెరిచే ఉంది.

"నువ్వు జాలితో చేసినావు, నాకు తెలుసమ్మా," అన్నారు అయ్యగారు. ఆయన చిత్తూరు వైపాయన. "ఉద్దేశం మంచిదే. కాని ఉద్దేశం మంచిదైతే పని మంచిదైపోదు. ఎద్దులు తడబడి బండి మీద దేవుని పెట్టె, మందసం, ఒరిగితే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టినాడు గదా. పడిపోకుండా పట్టుకుందామనే పెట్టినాడు. ఏమయినాడు? అక్కడికక్కడే చచ్చినాడు. తాకకూడనిది తాకినాక దేవుడు ఉద్దేశం అడగలేదు."

అమ్మ కూర్చోలేదు, నిలబడే విన్నది.

"సంఘం ముందర నిలబడి, విగ్రహానికి దీపం మోసినాను, తప్పయిపోయింది, క్షమించండి అని ఒక్క మాట చెప్పు. వచ్చే నెల బల్లకి నేనే పిలుస్తాను."

"దీపానికి క్షమించమని అడగను అయ్యగారూ," అంది అమ్మ.

"అంటే అది పాపం కాదంటావా?"

"అది నాకు తెలీదు. దానికి మాత్రం అడగను."

సంఘ పెద్దగారు అక్కడే కూర్చున్నారు. ఆయన ఇంజన్ రూములో పెద్ద ఉద్యోగి. మనుషులను గనిలోకి దించే కేజ్‌ని తిప్పే యంత్రం ఆయన చేతికింద ఉండేది. "గర్వం," అన్నారు ఆయన. "పాపాల్లోకెల్లా పెద్దది ఇదే." ఆ మాట ఎక్కడ కూర్చుని అన్నారో, కాలు మీద కాలు వేసుకుని అన్నారో లేదో, నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వేసుకున్నారు.

ఇంటికొచ్చాక మా నాయన, "చెప్పెయ్యరాదా. ఒక మాటే గదా," అన్నాడు.

"ఆ మాట నాది గాదు," అంది అమ్మ. అంతే.

నేను అప్పటినుంచి బైబిలు వాక్యం చదవడం మొదలుపెట్టాను. భక్తితో కాదు, కోపంతో. ఆధారం కోసం వెతికాను. దొరికింది. కుష్ఠు నయమైన ఒక పరదేశి సేనాపతి ఉన్నాడు. మా రాజు విగ్రహం ముందు వంగేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దాన్ని క్షమిస్తారా అని ప్రవక్తను అడుగుతాడు. ప్రవక్త నెమ్మదిగా పొమ్మంటాడు. అంతే, ఒప్పుకోలు అడగలేదు, రొట్టె ఆపలేదు. పిల్లల్ని చంపమని రాజు ఆజ్ఞ ఇస్తే అబద్ధం చెప్పి వాళ్ళని బతికించిన మంత్రసానులున్నారు. దేవుడు వాళ్ళకి మేలు చేశాడని ఉంది. నేనివన్నీ అయ్యగారికి చెప్పాను. సేనాపతి కొత్తగా నమ్మినవాడు, మీ అమ్మ పుట్టు క్రైస్తవురాలు అన్నారు. మంత్రసానుల సంగతికి, "పాపా, నువ్వు పరీక్షలకి చదువుకో" అన్నారు.

నన్ను కాల్చింది ఇదొక్కటే కాదు. అదే అయ్యగారు అదే ఏడు ప్రసంగంలో, మనసులో ద్వేషం ఉంటే హత్య చేసినట్టే, మనసులో మోహిస్తే వ్యభిచారం చేసినట్టే అని బల్ల గుద్ది చెప్పారు. చేతులు ఏమీ చేయకపోయినా మనసు చేసిందని పాపం అంటారు. మరి చేతులు ఏదో చేసినప్పుడు మనసులో మంచి ఉంటే దాన్ని చూడరు. చెడ్డదైతే మనసు లెక్కలోకి వస్తుంది, మంచిదైతే రాదు. ఏ అంగట్లోనైనా ఇట్లా తూస్తే తక్కెడ లాక్కుంటారు. నేను దీన్ని ఎందరినో అడిగాను. బెంగుళూరులో చదివొచ్చిన ఉపదేశకుల్ని అడిగాను. మనుషులు మనసుని చూడలేరు కాబట్టి సంఘం పనినే చూడాలని ఒకరన్నారు. సరే, చూడలేనివాళ్ళు "నువ్వు జాలితో చేసినావు, నాకు తెలుసు" అని ఎట్లా అన్నారు? పని తప్పయినా ఉద్దేశం దాన్ని తేలిక చేస్తుందని ఇంకొకరన్నారు. ఎంత తేలిక? నెల రోజుల రొట్టెకు సరిపడా తేలికా, జీవితకాలానికా? ఆయన గడియారం చూసుకున్నారు.

దసరా వచ్చింది. గనిలో ఆయుధ పూజ పెద్ద ఎత్తున జరిగేది. ప్రతి యంత్రాన్నీ కడిగి, మామిడాకులు కట్టి, పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు. పక్కింటామె తమ్ముడు ఇంజన్ రూములో ఆయిల్ పోసే పనిలో ఉండేవాడు. అతని వల్లే తెలిసింది: ఇంజనుకు బొట్టు పెట్టేది సంఘ పెద్దగారేనని, ఆ గదికి ఆయనే పెద్ద కాబట్టి గుమ్మడికాయ కొట్టేదీ ఆయనేనని. కొత్తగా కాదు, ఎన్నో ఏళ్ళుగా.

మరుసటి ఆదివారం మందిరం బయట ఆయన్ని ఆపాను. చుట్టూ జనం ఉన్నారు. ఉండాలనే ఆపాను.

"పెద్దయ్యా, ఇంజనుకి బొట్టు పెట్టి గుమ్మడికాయ కొట్టినారంట గదా."

ఆయన నవ్వారు. "అది డ్యూటీ పాపా. కొట్టకపోతే కుర్రోళ్ళు ఇంజను ముట్టరు. కేజ్‌లో వందమంది పోతారు, వస్తారు. వాళ్ళ ధైర్యం కోసరం చేసేది. నా మనసులో ఉండేది ప్రభువే."

"మా అమ్మ మనసులో ఎవురుండారో మీరు చూసినారా?"

"ఏం మాటలమ్మా ఇవి."

"మీది డ్యూటీ, మా అమ్మది విగ్రహారాధనా? మీ చేతికి కుంకుమ అంటితే మనసు కనబడతాది, మా అమ్మ నుదుట అంటితే కనబడదా?"

ఆయన నవ్వు ఆగింది. "ఈ పిల్లని అదుపులో పెట్టుకోప్పా," అన్నారు మా నాయనతో. మా నాయన నా రెక్క పట్టుకున్నాడు. సంఘ సమావేశంలోనూ నేను లేచి ఇదే అడిగాను. ఎవరో వెనకనుంచి, "ఆడపిల్లవి, కూచో," అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. వాళ్ళ మనవరాలు తర్వాత నా క్లాసులోనే చదివింది. ఆ పిల్ల చేత నేను ప్రతిరోజూ లేచి నిలబడి ప్రశ్నలు అడిగించాను.

ఆ ఏడే నాకు బల్లలో చేయి వేసే అర్హత ఇస్తామన్నారు. వద్దన్నాను. మా అమ్మకు ఇవ్వని రొట్టె నాకు వద్దు. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

అమ్మ మాత్రం ఒక్క ఆదివారం మందిరం మానలేదు. నెల మొదటి ఆదివారం, ప్రసంగం కాగానే, బల్ల మీది తెల్లగుడ్డ తీసేముందు లేచి బయటికి వచ్చేది. మందిరం బయట కొళాయి దగ్గర నిలబడేది. లోపల పాట అయ్యేదాకా ఉండి మా నాయనతో కలిసి ఇంటికి నడిచేది. ఆయన ప్రతిసారీ రొట్టె తీసుకునేవాడు. బయటికొచ్చి ఆమె మొహం చూడకుండా, "పోదామా," అనేవాడు. ఆయన గని దుమ్ముతో ఊపిరితిత్తులు రాయైపోయి, మంచం మీద కూర్చునే నిద్రపోయి, కూర్చునే పోయాడు. ఆయన మీద నాకు ప్రేమ లేదని కాదు. ఆ "పోదామా" మాత్రం నేను క్షమించలేదు.

గనులు మూసేశారు. నేను కోలారులో హైస్కూలు టీచరునయ్యాను, అమ్మను తెచ్చుకున్నాను. కోలారులోనూ మందిరాలున్నాయి, కాని ఆమె ఆ పాత మందిరానికే పోతానంది. ప్రతి నెలా బస్సెక్కించి తీసుకెళ్ళేదాన్ని. ప్రతి నెలా అదే కొళాయి.

తర్వాత ఒక కుర్ర అయ్యగారు వచ్చారు. ఆయన్ని నేను ఊపిరి తిప్పుకోనివ్వలేదు. దొరికినప్పుడల్లా మొదటినుంచీ చెప్పాను. ఆయన విన్నారు, అది ఒప్పుకోవాలి. చివరికి ఒకరోజు కోలారులో మా ఇంటికే వచ్చారు. కాఫీ కప్పు పట్టుకుని, అమ్మ ఎదురుగా కుర్చీ జరుపుకున్నారు.

"అమ్మా, మీ విషయంలో సంఘం పొరబడింది. పాపం మనసులో పుడుతుంది. మీ మనసులో ఉన్నది పొరుగు మనిషి మీద ప్రేమ. అందుకని మీరు చేసినది పాపమే కాదు. ఒప్పుకోలు ఏమీ అవసరం లేదు. వచ్చే మొదటి ఆదివారం నేనే మీకు రొట్టె ఇస్తాను."

గెలిచాననుకున్నాను.

"నాకొద్దు అయ్యగారూ," అంది అమ్మ.

"అమ్మా," అన్నాను నేను.

"నువ్వుండు. ఇన్నేండ్లూ నువ్వే మాట్లాడినావు." ఆమె ఆయన వైపు తిరిగింది. "ముందున్నాయన, జాలితో చేసినావు అన్నాడు. మీరు, ప్రేమతో చేసినావు అంటా ఉండారు. ఎందుకు చేసినావు అని ఎవురూ అడగలే. ఇది గూడా అడగలే." ఇది అంటే నేను.

అయ్యగారు కప్పు కింద పెట్టారు. "చెప్పండి."

"ఆ పొద్దు బెంచీలు అదిరినాయి గదా. నేను మొగోళ్ళ పక్క చూసినాను. మా ఆయన కూచోని ఉండాడు. దేవా, నీకు స్తోత్రం అంటి. ఆయన బదులు ఎవురు దిగినారో నాకు తెలుసు. తెలిసే అంటి. లోపల మనిషి నలిగిపోతా ఉంటే, మావాడు గాదులే అని కడుపు చల్లబడింది. సైరన్ కూసినా ఆ సంతోషం పోలేదు. ఆ యమ్మ ఇంటికి పొయ్యి పక్కన కూచున్నా పోలేదు. ఆ దీపం ఒరిగినప్పుడు పట్టుకున్నాను గదా, ఇది మోస్తే అన్నా పోతాదేమో అని ఎత్తుకుంటి. జాలీ గాదు, ప్రేమా గాదు. మోసినా పోలేదు. నేను చేసిన పాపం మన గుళ్ళోనే చేసినాను, దేవుని పేరు పెట్టుకోని చేసినాను. దాన్ని వదిలిపెట్టి దీపానికి క్షమించమని అడగమన్నారు. ఎట్ల అడిగేది?"

అయ్యగారు ముందుకు వంగారు. "అది సహజం అమ్మా. ఏ భార్య అయినా అట్లాగే అనుకుంటుంది."

"సహజమైతే పాపం గాదా అయ్యగారూ?"

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. నాకు విపరీతమైన కోపం వచ్చింది. అన్నేళ్ళు నేను గొంతు చించుకున్నది ఆమెది మంచి ఉద్దేశమని. ఒక్కసారి నాతో చెప్పి ఉంటే? అడగలేదంటుంది. కూతురు అడగాలా తల్లిని, నువ్వు ఎందుకు మంచిదానివని? ఆ మాట నాకు తగిలింది, తగిలిన చోట ఇప్పటికీ ఉంది.

"బల్లలో చెయ్యి పెట్టే ముందర ఆ యమ్మకి చెప్పుకోవల్ల," అంది అమ్మ.

పక్కింటామె మొగుడు పోయాక పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆవని అనే ఊరి పక్క పల్లె. ముళబాగిలు దాకా బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు. మేము వెళ్ళేసరికి ఆమె పశువుల కొట్టం ముందు కూర్చుని మల్బరీ ఆకు కోస్తోంది. ఇంట్లో పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు వాన పడుతున్నట్టు వినిపిస్తోంది. అమ్మను చూసి గుర్తుపట్టింది. లేవలేదు.

"యాడికి వచ్చినావక్కా ఇంత దూరం?"

"నీ దగ్గిరికే."

"ఇన్నేండ్లకి గుర్తొచ్చినానా."

అమ్మ నేల మీద కూర్చుంది. అయ్యగారికి చెప్పినదంతా చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. ఆమె ఆకు కోస్తూనే విన్నది. చెప్పడం అయ్యాక కత్తి పక్కన పెట్టింది.

"దీనికా వచ్చినావు? నీ కడుపులో బరువు దించుకునేదానికి. నేనెట్లుండానో చూస్తామని గాదు."

"అవును. దానికే వచ్చినాను."

"నిజమే చెప్తావులే నువ్వు," అంది ఆమె. గొంతు కటువుగా ఉంది. "సరే, నాది గూడా విను. ఎవురికీ చెప్పలే నేను. ఆ దీపానికి నేనేమని మొక్కినానో తెలుసునా నీకు? తల్లీ, ఈ పొద్దు దిగాల్సింది నా మొగుడు గాదు. దిగాల్సినోణ్ణి తీసుకో, నావాణ్ణి ఇచ్చెయ్ అని మొక్కినా. నీ మొగుణ్ణి తీసుకో అనే. ఆ దీపాన్నే నువ్వు తెల్లచీర కట్టుకోని నెత్తిన పెట్టుకోని పొయ్యి ఇచ్చొచ్చినావు."

కొట్టంలో ఆవు మెడ విదిలించింది. అమ్మ నేల మీద పడిన ఒక ఆకు తీసి కుప్పలో వేసింది.

"గట్టిగానే మొక్కినావు," అంది. "మా ఆయన ఊపిరాడక పోయింది దానికేనేమో."

"అదేం గాదు. గని దుమ్ము."

"లేటుగా పనిచేసిందేమో మీ మారెమ్మ."

"పో అక్కా."

ఇద్దరూ నవ్వారు. పళ్ళు లేని నోళ్ళతో, భుజాలు అదిరేలా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక మనిషి చచ్చాడు, ఒక మనిషి రొట్టెకు దూరమై బతికింది, ఇంకొకామె నిండు కడుపుతో ఒకరి చావు కోరుకుంది, వీళ్ళు నవ్వుతున్నారు.

నేను ఆగలేక పక్కింటామెను అడిగాను. "చిన్నమ్మా, మా అమ్మ అట్లాంటి మనసుతో ఎత్తుకుందని తెలిసినాక మీకేమీ అనిపించలేదా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎందుకెత్తుకునిందో అది మీ యమ్మ చూసుకుంటాది. పడిపోయే దీపాన్ని ఎత్తుకునింది. నాకు అది సాలు." మళ్ళీ కత్తి అందుకుంది. "నువ్వు అట్లే ఉండావు పాపా. ఇంగా కొట్లాటలేనా."

మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చాము. క్షమించానని ఆమె అనలేదు, అమ్మ అడగనూ లేదు.

మొదటి ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయంలో అమ్మ లేచింది. మందిరంలో ముందున్నంత జనం లేరు. గని మూతపడ్డాక ఊళ్ళో సగం మంది తెల్లారుజామునే బెంగుళూరు రైలెక్కి పనికి పోయేవాళ్ళు. ఉన్నవాళ్ళలో పాతవాళ్ళు కొందరే. సంఘ పెద్దగారు ముందు వరసలో ఉన్నారు, చేతికర్ర పట్టుకుని.

"గనిలో బండ పగిలిన పొద్దు," అంది అమ్మ, "నా మొగుడు బతికినాడని దేవునికి స్తోత్రం చెప్పినాను. ఇంగొగామె మొగుడు ఆయన బదులు లోపల ఉండాడని తెలిసే చెప్పినాను. ఈస్టరు నాడు ఇదే గుళ్ళో మా ఆయన అదే సాక్ష్యంగా చెప్తే మీరంతా ఆమెన్ అన్నారు. నా పాపం అది. క్షమించమని దేవుణ్ణి అడిగినాను. మీకూ చెప్పవల్లని చెప్తా ఉండాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఎక్కడ అనాలో వాళ్ళకి తెలియలేదు.

అమ్మ ముందుకు వెళ్ళి మోకరించింది. చేతులు చాచింది. కుర్ర అయ్యగారు వాటిలో రొట్టె పెట్టారు. ఆమె తిన్నది. నేను చూశాను, కళ్ళార్పకుండా చూశాను. అయ్యగారు పళ్ళెంతో నా బెంచీ దాకా వచ్చి, "మీరు?" అన్నట్టు చూశారు.

"నా కోపం ఇంకా తగ్గలేదయ్యగారూ," అన్నాను మెల్లగా. "కోపం పెట్టుకుని తినకూడదని మీరే గదా చెప్తారు."

ఆయన వెనక్కి వెళ్ళారు. ఈ కోపానికి కారణం మంచిదే, అయినా ఇది పాపమేనేమో. దాన్ని నేను ఎవరినీ అడగలేదు, అడగను కూడా.

ఆరాధన అయ్యాక సంఘ పెద్దగారు కర్ర తాటించుకుంటూ మెట్లు దిగి వచ్చారు. అమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు.

"ఇన్నేళ్ళకి వంగినావమ్మా. దీపం సంగతి ఒప్పుకున్నావు. చానా సంతోషం."

అమ్మ ఆయన్ని చూసింది. చేతులు విడిపించుకుని గేటు వైపు నడిచింది, బస్సుకి టైమవుతోందని.

నేను కదల్లేదు. "పెద్దయ్యా," అన్నాను, "ఆమె ఒప్పుకునింది దీపం గాదు. ఆ పొద్దు మీరు ఆమెన్ అన్నారే, అది."

ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఏందమ్మా? సరిగ్గా వినపళ్ళేదు."

గేటు దగ్గర అమ్మ, "రావే, సాలు," అని పిలుస్తోంది. బయటికొచ్చినవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. నేను ఇంకొంచెం దగ్గరికి జరిగి, గొంతు పెంచి, మొదటినుంచీ మళ్ళీ చెప్పాను.